వెదకనిది దొరికినప్పుడు

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: 2 రాజులు 22, 23 అధ్యాయములు, యిర్మీయా 36వ అధ్యాయము

  మిరప కల్లంలో కాయలు ఏరుకుంటూ వింటున్నవారికి, ఇంటి పనిలో ఉండి చెవి యొగ్గినవారికి, మరి ముఖ్యంగా ఆసుపత్రి మంచం మీద నుండి ఆలకిస్తున్నవారికి ప్రభువు తన సమాధానము దయచేయును గాక.

మా నల్లపాడు చుట్టుప్రక్కల పత్తి వేసే రైతులకు ఒక సంగతి బాగా తెలుసు. తెల్లదోమ పట్టిందేమోనని ఆకు తిప్పి చూడటానికి చేలోకి వెళ్తారు. ఆకులు చూస్తుండగా అక్కడక్కడ గుడ్డిపూలు కంటబడతాయి. కాయ చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు! వెళ్ళింది ఒకదాని కోసం, కనబడింది మరొకటి. అప్పుడు ఏ రైతైనా, "నేను వచ్చింది తెల్లదోమ కోసం, ఈ పురుగుతో నాకు పనిలేదు" అని ఇంటికి తిరిగిపోతాడా? పోడు. వెదకకపోయినా దొరికింది గనుక, దొరికినదానికి మందు చూస్తాడు.

చేను విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, మన శరీరం విషయంలో అలా ఉంటున్నామా? ఈ దినం దీనిని గూర్చి మాట్లాడాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు.

మన సంఘాలలో క్యాన్సరు వ్యాధితో పోరాడుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. గుంటూరుకో, హైదరాబాదుకో వెళ్ళి స్కానులు తీయించుకుంటారు. అందులో ఒకటి పెట్ సీటీ స్కాను. చక్కెర వంటి పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికతను జోడించి నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సరు కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటాయి గనుక, అవి ఉన్నచోటు బొమ్మలో వెలుగుతుంది. ఈ స్కాను సాధారణంగా తల అడుగుభాగం నుండి తొడల మధ్య వరకు తీస్తారు. అంటే దారిలో మెడ కూడా కనబడుతుంది. నోటి క్యాన్సరు, గొంతు క్యాన్సరు ఉన్నవారికైతే మెడనే ప్రత్యేకంగా చూస్తారు.

అలా చూచినప్పుడు, కొందరిలో క్యాన్సరుతో సంబంధం లేని సంగతి ఒకటి బయటపడుతుంది. మెడలోని రక్తనాళం ఇరుకైపోయి ఉంటుంది.

మెడకు ఇరుప్రక్కలా వ్రేళ్ళు ఆనించి చూడండి, నాడి కొట్టుకుంటుంది. అవి కరోటిడ్ ధమనులు. గుండె నుండి మెదడుకు రక్తం తీసుకొని వెళ్ళే ముఖ్యమైన దారులు. ఆ పేరు గ్రీకు భాషలో మైకము, మొద్దునిద్ర అనే అర్థమున్న మాట నుండి వచ్చింది. వాటిని గట్టిగా నొక్కితే మనిషి స్పృహ తప్పుతాడని పూర్వకాలపువారు గమనించారు. మీరెవరూ నొక్కి చూడవద్దు సుమా!

ఈ నాళాల గోడలలో సంవత్సరాల తరబడి కొవ్వు, సున్నం పేరుకుంటాయి. నాగార్జునసాగరు కుడి కాలువ క్రింద సేద్యం చేసేవారికి దీనిని వివరించనక్కరలేదు. 1967లో ఆ కాలువకు నీళ్ళు వదిలిన నాటి నుండి మన రైతులు పూడికతో పోరాడుతూనే ఉన్నారు. కాలువలో పూడిక చేరితే నీటి దారి తగ్గుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ పూడికలో నుండి ఒక గడ్డ ఊడి కొట్టుకుపోయి క్రింది తూములో అడ్డుపడటం. మెడలో కూడా అంతే. పేరుకున్నదాని మీద నుండి చిన్న ముక్కో, రక్తపు గడ్డో ఊడి మెదడులోని సన్నని నాళంలో చిక్కుకుంటే, ఆ భాగానికి రక్తం ఆగిపోతుంది. దానినే మనం పక్షవాతం అంటాము. చెయ్యి పడిపోతుంది, మూతి వంకర పోతుంది, మాట పోతుంది. అంతకు ముందు రోజు వరకు మనిషికి నొప్పి ఉండదు, బాధ ఉండదు. నాళం సగానికి పైగా మూసుకుపోయినా తెలియకుండానే మిరప తోటకు నీళ్ళు కట్టి వస్తాడు.

అయితే క్యాన్సరు రోగిలో ఇది కనబడటం కేవలం యాదృచ్ఛికమేనా? చాలా సార్లు కాదు. ఈ రెంటికీ వేరు ఒకటే కావచ్చు, అది పొగాకు. నోటిలో పుండు పెట్టించే చుట్ట, బీడీ, గుట్కాలే రక్తనాళాల గోడలనూ పాడుచేస్తాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళు ఆ పంట మీద నిలబడ్డాయి. పండించే రైతును నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. మనం పండించేది మనలను ఏమి చేస్తున్నదో మనకు తెలిసి ఉండాలని చెబుతున్నాను. మరొక సంగతి కూడా ఉంది. మెడకు కరెంటు పెట్టించుకున్నవారిలో, అంటే రేడియేషన్ చికిత్స జరిగినవారిలో, తరువాతి సంవత్సరాలలో ఈ నాళాలు ఇరుకయ్యే అవకాశం పెరుగుతుంది. కాబట్టి చికిత్స అయిపోయిన తరువాత తీసే స్కానులలో కూడా ఇది కనబడవచ్చు.

ఒక ఇంటికి ప్రార్థన కోసం వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయనకు నోటి క్యాన్సరు. పెద్ద కుమారుడు నన్ను వసారాలోకి పిలిచి స్కాను రిపోర్టు చేతికిచ్చాడు. క్యాన్సరు సంగతులన్నీ అయ్యాక, చివరలో ఒక్క వాక్యముంది. మెడలో కుడి ప్రక్క నాళం ఇరుకుగా కనబడుతున్నది, డాప్లర్ పరీక్షతో సరిచూసుకోవాలి అని. అతడు గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఉన్న క్యాన్సరు చాలదా అండీ? ఈ మెడ సంగతి నాన్నకు చెప్పొద్దు. డాక్టరుగారిని కూడా అడగదలచుకోలేదు. ఒక శ్రమ మీద ఇంకో శ్రమ ఎందుకు?" అన్నాడు.

ప్రియులారా, అతనికి తండ్రి మీద ప్రేమ లేక అన్న మాట కాదది. ప్రేమ ఉండే అన్నాడు. మీలో కూడా కొందరు ఈ దినం అదే మాట మనసులో అనుకుంటూ ఉండవచ్చు. ఆ ప్రశ్నకు వాక్యములో జవాబు వెదకుదాము.

యోషీయా ఎనిమిదేళ్ళ వయస్సులో యూదాకు రాజయ్యాడు. తన ఏలుబడిలో పదునెనిమిదవ సంవత్సరమందు దేవాలయం బాగుచేయించాలని పూనుకున్నాడు. శాస్త్రియైన షాఫానును పంపాడు. ఎందుకు పంపాడు? వడ్రంగులకు, కాసెపనివారికి ఇవ్వవలసిన డబ్బు లెక్క చూడటానికి. ఇది మరమ్మతు పని. అక్కడ ఎవరూ గ్రంథం కోసం వెదకడం లేదు. అయినా ప్రధానయాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. షాఫాను రాజు దగ్గరకు వచ్చి మొదట ఏమి చెప్పాడో గమనించండి. మొదట డబ్బు లెక్క చెప్పాడు. ఆ తరువాతనే, యాజకుడు నాకొక పుస్తకం ఇచ్చాడని చెప్పాడు. అతి ముఖ్యమైన సంగతి చివరికి వచ్చింది. స్కాను రిపోర్టు చివరి వాక్యంలాగానే!

ఆ పుస్తకంలో ఉన్నది శుభవార్త కాదు. రాజు వినగానే తన బట్టలు చింపుకున్నాడు. అంత దుఃఖం కలిగింది. అయినా, నేను మరమ్మతుకు పంపితే ఈ బాధ ఎందుకు తెచ్చారని అతడు షాఫాను మీద కోపపడలేదు. మూడు పనులు చేశాడు.

మొదటిది, చివరి వరకు విన్నాడు. రెండవది, తెలిసినవారిని అడగడానికి పంపాడు. యెరూషలేములో కాపురమున్న హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు మనుష్యులు వెళ్ళారు. తనకు తానే అర్థం చెప్పుకోలేదు, ఊహించుకొని భయపడుతూ కూర్చోలేదు. మూడవది, తనవారందరినీ సమకూర్చి, పిన్నలు పెద్దలు వినేటట్లు దానిని చదివించి, చేయవలసినది చేశాడు. ఎవరికీ దాచలేదు.

ఇప్పుడు అతని కుమారుని చూడండి. యెహోయాకీము చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను అతని ముందు చదువుతున్నారు. మూడు నాలుగు భాగాలు చదివేసరికి రాజు చాకుతో దానిని కోసి నిప్పులో వేశాడు. అలా అంతా కాల్చివేశాడు. కాల్చవద్దని బ్రతిమాలినవారిలో ఒకడు గెమర్యా. అతడు ఎవరి కుమారుడు? షాఫాను కుమారుడు! తండ్రి చదివినప్పుడు ఒక రాజు విన్నాడు. కుమారుడు బ్రతిమాలినప్పుడు మరొక రాజు వినలేదు. తండ్రి యోషీయా తన బట్టలు చింపుకున్నాడు. కొడుకు యెహోయాకీము గ్రంథాన్ని చింపాడు.

కాల్చినంత మాత్రాన ఏమైనా మారిందా? మారలేదు. దేవుడు మరొక చుట్ట తెప్పించి ఆ మాటలన్నీ మళ్ళీ వ్రాయించాడు. ప్రియులారా, రిపోర్టు దిండు క్రింద దాస్తే మెడలోని నాళం వెడల్పు కాదు. స్కాను ఆ ఇరుకును తీసుకురాలేదు, అంతకు ముందే ఉన్నదానిని చూపింది. చూపినదాని మీద కోపం తెచ్చుకొని లాభం లేదు. ఆ రాజు గ్రంథపు చుట్ట కాల్చాడు. మనవాళ్ళు కొందరు రిపోర్టు చూసి భయం పోవడానికి ఇంకొక పొగాకు చుట్ట కాలుస్తారు. రెండూ ఒకే రకం తెలివితక్కువతనం.

అయితే చేయవలసినదేమిటి? నేను వైద్యుడను కాను. మన హుల్దా దగ్గరకు మనం వెళ్ళాలి. క్యాన్సరు చూస్తున్న డాక్టరుగారికే ఆ వాక్యం చూపించి, "ఇదేమిటి సార్, దీనికి ఏమి చేయాలి?" అని అడగండి. ఎక్కువగా వారు మొదట డాప్లర్ పరీక్ష వ్రాస్తారు. గర్భిణీ స్త్రీలకు చేసే స్కాను వంటిదే అది, మెడ మీద జిగురు రాసి చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. ఇరుకు ఎంత ఉన్నదో అందులో తెలుస్తుంది. చాలా మందికి ఆపరేషను అవసరం రాదు. రక్తపు పోటు, చక్కెర అదుపు, కొవ్వు తగ్గించే మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర, పొగాకు పూర్తిగా మానడం, ఇవే ముఖ్యమైన చికిత్స. కానీ ఆ మాత్రలు మందుల షాపులో అడిగి మీ అంతట మీరు మొదలుపెట్టకండి. కీమో తీసుకుంటున్నవారికి ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు అటువంటి మాత్ర వలన రక్తస్రావం కావచ్చు. అందుకే రెండు జబ్బులూ ఒకే డాక్టరుగారికి తెలిసి ఉండాలి. మెడ మీద ఆపరేషను చేసే సర్జనుకు కూడా ఈ సంగతి ముందే తెలియాలి.

ఆపరేషను ఎవరికి మేలు చేస్తుందో కూడా పరిశోధించి చూశారు. ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి 1991లో వెలువడింది. అప్పటికే స్వల్పంగా పక్షవాత లక్షణాలు వచ్చి, నాళం నూటికి 70 వంతులు లేక అంతకు మించి ఇరుకైనవారిని చూశారు. మందుల మీదనే ఉన్నవారిలో రెండేళ్ళలో నూటికి 26 మందికి ఆ ప్రక్క పక్షవాతం వచ్చింది. ఆపరేషను చేయించుకున్నవారిలో నూటికి 9 మందికి వచ్చింది. కాబట్టి ఎప్పుడైనా ఒక చెయ్యి కొద్దిసేపు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, ఒక కంటికి తెర పడినట్లయి తొలగినా, మాట తడబడి సర్దుకున్నా, "తగ్గిపోయిందిలే" అని వదిలేయకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి చెప్పండి. ఏ లక్షణమూ లేనివారి విషయం వేరు. వారికి వయస్సు, క్యాన్సరు స్థితి, ఒంటి శక్తి అన్నీ తూచి డాక్టర్లు నిర్ణయిస్తారు.

ఇది విని ఆరోగ్యంగా ఉన్నవారందరూ రేపు ఉదయం మెడ స్కానుకు పరుగెత్తాలా? అక్కరలేదు. ఏ లక్షణమూ లేని సామాన్య జనానికి ఈ పరీక్ష చేయనక్కరలేదని అమెరికాలోని వైద్య నిపుణుల సంఘం 2021లో కూడా చెప్పింది. అనవసరమైన పరీక్ష అనవసరమైన ఆపరేషనుకు దారి తీయవచ్చు. వెదకమని నేను చెప్పడం లేదు. దొరికినదానిని దాచవద్దని చెబుతున్నాను.

పక్షవాతం నిజంగా వచ్చిందనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలనే ఇవ్వాలి. ఆ గంటలను పావురం రక్తం రాయడంలో, నాటు మందు కోసం ఊరు ఊరు తిరగడంలో పోగొట్టుకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

కొందరు విశ్వాసులు, "ప్రార్థన చేస్తున్నాము గదా, మాత్రలెందుకు?" అంటారు. హిజ్కియా రాజు ఆయుష్షు కోసం కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించమని యెషయా చెప్పాడు. ప్రార్థన విన్న దేవుడే మందు కూడా చూపించాడు. మన గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కూగ్లరమ్మగారిని తలంచుకోండి. ఆమె శ్రమ ఫలంగా 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరవబడింది. ఆ తల్లి దృష్టిలో వాక్యము, వైద్యము ఒకదానికొకటి శత్రువులు కావు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఇచ్చినది దేవుడే అని కృతజ్ఞతతో వేసుకోవాలి.

ఇప్పుడు ఆ కుమారుని ప్రశ్నకు వద్దాం. "క్యాన్సరు ఉన్నవానికి ఇదంతా ఎందుకు?" నేను ఆ వసారాలో అతనితో ఇలా అన్నాను. "బాబూ, మీ నాన్నగారికి ఎన్ని దినాలున్నాయో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఉన్నన్ని దినాలు ఆయన తన నోటితో మనుమలను పిలవాలి, తన చేతితో ప్రభువు బల్లలో పాలు పొందాలి. పక్షవాతం వస్తే ఆ మాట, ఆ చెయ్యి పోతాయి. అడిగి చూడటంలో తప్పేముంది? ఇప్పుడు చేయవలసినదేమీ లేదని డాక్టరుగారు అంటే, అదీ మంచిదే. అడిగి తెలుసుకున్న శాంతి వేరు, దాచిపెట్టుకున్న శాంతి వేరు."

యోషీయా చేసిన పనికి దేశం మీదికి రావలసిన శ్రమ పూర్తిగా తొలగలేదు. అతడు కూడా ముప్పదియొక్క సంవత్సరాలు ఏలి, మెగిద్దో దగ్గర యుద్ధంలో మరణించాడు. గ్రంథం దొరకడం వలన అతనికి దీర్ఘాయుష్షు రాలేదు. మరి ఏమి వచ్చింది? మిగిలిన దినాలు సత్యములో, దేవునితో సమాధానముగా జీవించే భాగ్యం వచ్చింది. అతని మనస్సు మెత్తనిదని దేవుడు హుల్దా ద్వారా సాక్ష్యమిచ్చాడు. క్యాన్సరుతో ఉన్న నా ప్రియ సహోదరుడా, సహోదరీ, రెండవ జబ్బు కనబడటం మీ మీద దేవుని కోపానికి గుర్తు కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరు పాపము చేశారని శిష్యులు అడిగితే ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. అది మీకు దొరికిన హెచ్చరిక. హెచ్చరిక కూడా కృపయే.

చివరిగా, మన ఆత్మల విషయం. మనం దేవుని దగ్గరకు ఒకదాని కోసం వెళ్తాము. మిర్చికి మంచి రేటు రావాలని, అమ్మాయికి సంబంధం కుదరాలని, జబ్బు తగ్గాలని వెళ్తాము. ఆయన వాక్యపు వెలుగులో వేరొకటి చూపిస్తాడు. గట్టు తగాదాలో అన్నతో పదేళ్ళుగా మాటలు లేకపోవడం చూపిస్తాడు. కూలివారికి ఎగ్గొట్టిన డబ్బు చూపిస్తాడు. నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు గలవాడు కాళ్ళ కోసం వచ్చాడు, ప్రభువు మొదట పాపక్షమాపణ మాట పలికాడు. నూట ముప్పదితొమ్మిదవ కీర్తనలో దావీదు తన హృదయాన్ని పరిశోధించమని తానే దేవుణ్ణి బ్రతిమాలుకున్నాడు. పెట్ స్కానుకు కనబడని ఇరుకు మన లోపల ఉన్నది. ఈ రాత్రి ఆయన దానిని మీకు చూపితే, "నేను వచ్చింది దీని కోసం కాదు ప్రభువా" అనకండి. యెహోయాకీము కుంపటి దగ్గర కూర్చోకండి. యోషీయావలె విని, అడిగి, లోబడండి.

ఇంటిలో స్కాను రిపోర్టు ఉన్నవారు రేపు దానిని మళ్ళీ తీసి చివరి వాక్యం వరకు చదివించండి. అర్థం కాని మాట ఉంటే గీత గీసి డాక్టరుగారికి చూపించండి. రోగికి తెలియకుండా దాచకండి, ప్రేమతో చేయి పట్టుకొని చెప్పండి. ఖర్చు గురించి భయపడేవారు, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకములో ఏమి వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటరులోనే అడగండి. సంఘ పెద్దలారా, యౌవనస్థులారా, అటువంటి కుటుంబానికి తోడుగా ఒకరు వెళ్ళండి. అది కూడా సువార్త సేవయే.

ప్రార్థన చేసికొందము.

పరిశుద్ధుడవైన మా తండ్రీ, మాలో దాగియున్నది నీకు మరుగై యుండలేదని నిన్ను స్తుతించుచున్నాము. క్యాన్సరుతో శ్రమపడుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. రెండవ వార్త విని కృంగిన కుటుంబములను బలపరచుము. వైద్యుల చేతులకు నేర్పు, మాకు అడిగే ధైర్యము, లోబడే మనస్సు దయచేయుము. పొగాకుకు బానిసలైనవారిని విడిపించుము. నీవు మా హృదయములలో చూపించిన దానిని దాచుకొనక నీ యెదుట ఒప్పుకొను కృప నిమ్ము. మా దినములు కొంచెమైనను ఎక్కువైనను అవి నీవిగా ఉండునట్లు చేయుమని, మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.